పాముల పెట్టెలో ముందు చూడాల్సింది చల్లని మూల

ప్రశ్న: మేం అనంతపురంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా పైన మిద్దె తప్ప ఇంకేమీ లేదు. నా దగ్గర ఏడాది వయసున్న బాల్ పైథాన్ (ఆఫ్రికా పాము), ఎనిమిది నెలల కార్న్ స్నేక్ (అమెరికా పాము) ఉన్నాయి. చెరొక మూడడుగుల గాజు ట్యాంకు, పైన జాలీ మూత, కింద కరెంటుతో వేడెక్కే పలుచని హీట్ మ్యాట్. అమ్మినాయన 35 డిగ్రీలు పెట్టమంటే, వేడిని బట్టి మ్యాట్‌ను వెలిగించి ఆర్పే థర్మోస్టాట్‌లో అంతే పెట్టాను. దాని సెన్సారు వైరు ట్యాంకు మధ్యలో గాలిలో వేలాడుతూ ఉంటుంది. మార్చి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు బాల్ పైథాన్ రోజంతా నీళ్ల గిన్నెలోనే పడుకుంటోంది, మూడు వారాలుగా తినలేదు. కార్న్ స్నేక్ రాత్రంతా గాజుకు ముక్కు రాస్తూ తిరుగుతోంది. పోయిన వారం మింగిన ఎలుకను రెండో రోజే కక్కేసింది. ఆఫ్రికా పాముకు మన ఎండ ఒక లెక్కా అంటున్నారు స్నేహితులు. అసలు ఎన్ని డిగ్రీలు పెట్టాలి? చలికాలంలో ఎంత ఉండాలి?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు రెండు మ్యాట్ల ప్లగ్గులూ పీకేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

పీకాక రెండు పాములనూ ఒక్కొక్కటిగా ఎత్తి పొట్ట కింది పొలుసులు చూడండి. ఎక్కడైనా గులాబీ రంగు గానీ గోధుమ రంగు గానీ తిరిగినా, బొబ్బలా ఉబ్బినా, తడిగా అంటుకుంటున్నా అది కాలిన గాయం. ఇంట్లో ఉన్న పూతమందులేవీ రాయొద్దు, పశువైద్యుడికి చూపించండి. ఈ అనుమానం ఎందుకంటే మీ సెన్సారు గాలిలో వేలాడుతోంది. హీట్ మ్యాట్ తనకు ఆనుకున్న గాజును వేడెక్కిస్తుందే గాని పైనున్న గాలిని పెద్దగా వేడి చేయలేదు. తెల్లవారుజామున గదిలో 30 ఉన్నప్పుడు గాలిని 35కు చేర్చమని థర్మోస్టాట్ అడుగుతుంది. అది మ్యాట్ వల్ల కాదు, కాబట్టి ఆగకుండా గంటల తరబడి నడుస్తుంది. పైన మీటరులో 32 కనిపిస్తుంటే కింద గాజు 45 దాటి ఉండొచ్చు. కింద కాలుతున్నా పాము వెంటనే లేచిపోదు, అక్కడే చుట్టుకుని పడి ఉంటుంది. పెంపుడు పాములకు కాలిన గాయాలు ఎక్కువగా ఇలాగే అవుతాయి.

నీళ్ల గిన్నెలో పడుకోవడానికి మీ విషయంలో వేడే కారణమని దాదాపుగా చెప్పొచ్చు. అయినా ఇంకో రెండు కారణాలు లేవని తేల్చుకోండి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారతాయి, అప్పుడు కూడా పాము నీళ్లలో నానుతుంది. గిన్నె అడుగున ఆవగింజకన్నా చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తే అవి పాములకు పట్టే పురుగులు, వాటికి వేరే వైద్యం ఉంది. ఈ రెండూ లేకపోతే పాము తనకు తెలిసిన ఒకే ఒక చల్లని చోటికి వెళ్లి కూర్చున్నట్టే.

ఇక అంకెలు. పాముకు చెమట పట్టదు, ఒంటిలో సొంతంగా వేడి పుట్టించుకునే ఏర్పాటూ లేదు. తిన్నది అరగడానికి వెచ్చని చోటికి పోతుంది, అరిగాక చల్లని చోటికి జరుగుతుంది. జరగడమే దానికి తెలిసిన ఉపాయం. అందుకే పెట్టె మొత్తానికి కలిపి ఒక డిగ్రీ అంటూ పెట్టకూడదు, ఒక చివర వెచ్చగా, ఇంకో చివర చల్లగా ఉండాలి. బాల్ పైథాన్‌కు వెచ్చని వైపు నేల 31 నుంచి 32, ఎంత పెరిగినా 33 దాటకూడదు. చల్లని వైపు 25 నుంచి 27. రాత్రి పెట్టె మొత్తం 24 దాకా దిగినా పర్వాలేదు. కార్న్ స్నేక్‌కు వెచ్చని వైపు 29 నుంచి 30, చల్లని వైపు 22 నుంచి 25, రాత్రి 20 దాకా. అంటే కార్న్ స్నేక్ చలికి కాస్త ఓర్చుకుంటుంది, వేడికి మాత్రం బాల్ పైథాన్ కన్నా ముందే అల్లాడుతుంది. మీ ఇంట్లో ఎక్కువ ప్రమాదం దానికే.

మీ స్నేహితులు చెప్పే ఆఫ్రికా మాట సగమే నిజం. బాల్ పైథాన్ పుట్టింది పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో. ఘనా, టోగో, బెనిన్‌లలో పగటి ఎండ మనకేమీ తీసిపోదు. కానీ ఆ ఎండ వేళ అది ఎలుక బొరియలోనో చెదపుట్టలోనో నేల లోపల చల్లగా ఉంటుంది, చీకటి పడ్డాక బయటికొస్తుంది. గాజు ట్యాంకులో బొరియ లేదు కదా. ఆ బొరియ ఏర్పాటు మీరు చేయాలి.

ఏ విదేశీ పుస్తకం తెరిచినా పాముకు వేడి ఎలా అందించాలన్న దాని మీదే పేజీలకు పేజీలు ఉంటాయి. చలిదేశాల వాళ్లకు ఆ బాధ ఉంది, వాళ్ల గది ఎప్పుడూ 20, 22 దగ్గరే ఉంటుంది కాబట్టి చల్లని వైపు దానంతటదే కుదురుతుంది. అనంతపురం, కడప, కర్నూలులో మార్చి నుంచి జూన్ దాకా లెక్క తిరగబడుతుంది. గది ఎంత ఉంటే పెట్టెలో చల్లని వైపు కనీసం అంత ఉంటుంది, దానంతటది అంతకన్నా తగ్గదు. గది 36 ఉన్నప్పుడు థర్మోస్టాట్‌లో మీరు ఏ అంకె పెట్టినా ఒకటే. కాబట్టి మన దగ్గర పని మొదలుపెట్టాల్సింది మ్యాట్ దగ్గర కాదు, గది దగ్గర.

గదిని కొలవడానికి ట్యాంకుకు రెండేసి డిజిటల్ థర్మామీటర్లు కొనండి. అత్యధికం, అత్యల్పం గుర్తుంచుకునే రకం కావాలి. ఒకటి చల్లని వైపు, ఒకటి వెచ్చని వైపు, రెండూ నేల మీదే, పాము పడుకునే ఎత్తులో పెట్టండి. గాజుకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మొద్దు, అవి గాజు వేడినే చూపిస్తాయి, అది కూడా సరిగా కాదు. తుపాకీలాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నేల వేడి చూడటానికి బాగుంటుంది గాని గాజు బయటి నుంచి కొడితే గాజు వేడినే చెబుతుంది, మూత తీసి లోపలికి కొట్టాలి. ఏ మీటరైనా ఒకసారి సరిచూసుకోండి: గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, కొద్దిగా నీళ్లు పోసి కలిపి, సెన్సారును పలుచని ప్లాస్టిక్ కవరులో చుట్టి ముంచితే అయిదు నిమిషాల్లో సున్నా చూపించాలి. ఒకటిన్నర డిగ్రీ చూపిస్తే దాని ప్రతి లెక్కలోంచీ ఒకటిన్నర తీసేయండి.

కొలిచేటప్పుడు మధ్యాహ్నం రెండు గంటల లెక్క చూసి ఊరుకోవద్దు. మీ పైన మిద్దె ఉంది. పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఆ వేడిని కిందికి వదులుతుంది. బయట గాలి చల్లబడుతున్నా మీ గది ఉడుకుతూనే ఉంటుంది. మీ కార్న్ స్నేక్ రాత్రంతా తిరగడానికి ఇది కూడా కారణం కావచ్చు.

ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది చూసుకోండి. ఉత్తరం వైపుది, పడమటి గోడ లేనిది దొరికితే మేలు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి ట్యాంకులను అల్మారా మీంచి దింపి నేల మీద పెట్టండి. నేల నాపరాయిదో కడప బండలదో అయితే ఇంకా మంచిది. కింది అంతస్తులో తెలిసినవాళ్లుంటే ఈ మూడు నెలలూ అక్కడ పెట్టడం అన్నిటికన్నా సులువైన దారి. ఇంటివాళ్లను అడిగి మిద్దె మీద తెల్ల సున్నం కొట్టించినా గదిలో తేడా తెలుస్తుంది. కిటికీలోంచి నేరుగా ఎండ ట్యాంకు మీద పడకూడదు, పది నిమిషాలు పడినా గాజు లోపల వేడి బయటకన్నా ఎన్నో డిగ్రీలు పెరిగిపోతుంది.

కూలరు మన పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోతుంది, అలాంటి గాలిని నీళ్ల కూలరు చాలా డిగ్రీలు దించగలదు. ఒక షరతు ఉంది: ఎదురు కిటికీ తెరిచి ఉండాలి. గది మూసేసి కూలరు నడిపితే తేమ పేరుకుంటుంది, చల్లదనం ఆగిపోతుంది, వేడీ తేమా కలిసి పాముకు పొలుసుల కింద కుళ్లు పట్టిస్తాయి. గాలి ట్యాంకు మీదికి నేరుగా కొట్టకూడదు. జూలైలో గాలి తేమెక్కాక కూలరు పెద్దగా సాయం చేయదు, కానీ అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టండి. అప్పుడు ఒక సంగతి మరవకూడదు: గది 26 అయ్యాక మ్యాట్ మళ్లీ కావాలి. ఏసీ చల్లదనంలో వెచ్చని మూల లేకుండా వదిలేస్తే తిన్నది అరగక కక్కేస్తుంది.

కూలరూ ఏసీ రెండూ లేని ఇంట్లోనూ పనికొచ్చేది మట్టి కుండ. కుమ్మరి దగ్గర మెరుపు పూత లేని కొత్త కుండ తీసుకోండి. బోర్లించినప్పుడు పాము చుట్టుకుని పక్కలకు ఆనుకునేంత ఉంటే చాలు, మీ బాల్ పైథాన్‌కు పది అంగుళాల వెడల్పు సరిపోతుంది. మూతి అంచున ఒకచోట గుమ్మంలా కొట్టించండి. కడుపు నిండిన పాము నడుము కన్నా రెండు వేళ్లు ఎక్కువ వెడల్పు ఉండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. పగిలిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. పదిహేను నిమిషాలు నీళ్లలో నానబెట్టి, నీళ్లు కారిపోయాక, చల్లని వైపు ఒక కడప బండ ముక్క మీద బోర్లించండి. గోడల్లోంచి నీరు ఆవిరయ్యే కొద్దీ లోపల గదికన్నా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, కుబుసానికి కావాల్సిన తేమా దొరుకుతుంది. రెండు కుండలు పెట్టుకుని ఒకటి తడిపితే ఇంకోటి ఎండలో ఆరబెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. కార్న్ స్నేక్‌కు మాత్రం కుండ పక్కనే పొడిగా ఉండే చోటు కూడా ఒకటి కావాలి, అది ఎప్పుడూ తడిలో ఉండే పాము కాదు.

బండ ముక్కను ట్యాంకు అడుగు గాజు మీద నేరుగా ఆనించాలి. ట్యాంకులో పరిచే కొబ్బరి పొట్టు మీద పెడితే పాము కింద తవ్వుకుపోయి బండ కింద నలుగుతుంది.

కరెంటు పోయినప్పుడు లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, తువ్వాలులో చుట్టి, చల్లని వైపు జాలీ మూత మీద పడుకోబెట్టండి. చల్లగాలి కిందికి దిగుతుంది. ఐసును లోపల పెట్టొద్దు, పామును ఐసు నీళ్లలో ముంచొద్దు.

మీ ట్యాంకులకు పైన జాలీ ఉంది కాబట్టి తేమ నిలవదు. బాల్ పైథాన్‌కు 55 నుంచి 65 శాతం, కుబుసం వేళ 70 కావాలి. కార్న్ స్నేక్‌కు 40 నుంచి 55 చాలు. జాలీలో మూడు వంతులు యాక్రిలిక్ షీటుతో కప్పి ఒక వంతు గాలికి వదలండి. వేడిగా ఉందని రోజూ లోపలంతా నీళ్లు చల్లడం మంచి అలవాటు కాదు, వేడి ట్యాంకులో ఆ నీరు ఆవిరై ఉక్కపోస్తుంది.

ఇప్పుడు మ్యాట్ సంగతి. మళ్లీ ప్లగ్గు పెట్టేది గది పగలు 29 కన్నా తక్కువ ఉన్న రోజుల్లోనే. మ్యాట్ నేలలో మూడో వంతుకు మించకూడదు, మూడడుగుల ట్యాంకుకు ఒక అడుగు. ట్యాంకు కింద నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు పెట్టి పైకి లేపాలి, గాలి ఆడకపోతే మ్యాట్ వేడి అక్కడే చిక్కి గాజు పగులుతుంది. సెన్సారు ట్యాంకు లోపల, మ్యాట్‌కు సరిగ్గా పైన గాజును ఆనుకుని ఉండాలి. దాన్ని టేపుతో అతికించొద్దు, టేపు ఊడి పాము పొలుసులకు అంటుకుంటే తీసేటప్పుడు చర్మం లేచి వస్తుంది. వైరును మూల వెంట దింపి ఇంకో బండ ముక్క కింద నొక్కి పెట్టండి. కొబ్బరి పొట్టు మ్యాట్ ఉన్న వైపు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించొద్దు. మందంగా పోస్తే వేడి కిందే చిక్కుకుంటుంది, పైన చల్లగా ఉందని పాము తవ్వుకుని గాజు దాకా వెళ్తుంది. కార్న్ స్నేక్ ఈ పని తప్పకుండా చేస్తుంది.

మీరు ఏ థర్మోస్టాట్ వాడుతున్నారో రాయలేదు. మన మార్కెట్లో కోడిగుడ్లు పొదిగించే పెట్టెలకు వాడే ఎస్‌టీసీ-1000 చవగ్గా దొరుకుతుంది, దాన్నే చాలామంది పెడతారు. అందులో ఎఫ్1 అంటే కావాల్సిన డిగ్రీ, ఎఫ్2 అంటే ఎంత తగ్గితే మళ్లీ వెలగాలన్నది, ఎఫ్4 అంటే సెన్సారు తప్పును దిద్దే అంకె. బాల్ పైథాన్‌కు ఎఫ్1 32, ఎఫ్2 0.5 పెడితే 31.5కు మ్యాట్ వెలిగి 32కు ఆరుతుంది. కార్న్ స్నేక్‌కు ఎఫ్1 30. ఐసు నీళ్లలో తేలిన తేడాను ఎఫ్4లో దిద్దుకోండి. వెనక 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి, ఎలక్ట్రీషియన్ చేత డబ్బాలో బిగించుకోవాలి. రెండు పాములకు రెండు థర్మోస్టాట్లు కావాలి, ఒకదాని మీద రెండు మ్యాట్లు నడిపితే ఒక ట్యాంకు లెక్క తప్పుతుంది.

ఇది పాడైనప్పుడు రెండు రకాలుగా పాడవుతుంది. పాము కదిలి సెన్సారును నీళ్ల గిన్నెలోకో చల్లని వైపుకో నెట్టేస్తే, వెచ్చని వైపు చల్లబడిందనుకుని మ్యాట్‌ను ఆపదు. లోపల కరెంటును కలిపి తెంచే స్విచ్చు, అంటే రిలే, అతుక్కుపోతే తెరమీద 38 కనిపిస్తున్నా మ్యాట్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. మొదటిదానికి విరుగుడు రోజూ ఒకసారి సెన్సారు చోటు చూడటం. రెండోదానికి గోడ ప్లగ్గుకూ మొదటి థర్మోస్టాట్‌కూ మధ్య ఇంకో థర్మోస్టాట్‌ను పెట్టి 34కు అమర్చండి, మొదటిది చేయి ఎత్తేస్తే రెండోది ఆపుతుంది. ఊళ్లకు పోయే అలవాటున్న ఇంట్లో ఈ రెండోది ఉండి తీరాలి.

చలికాలానికి వస్తే, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అనంతపురంలో బయట 15, 16కు దిగే రోజులుంటాయి, మూసిన గదిలో 20, 22 ఉండొచ్చు. కార్న్ స్నేక్‌కు మ్యాట్ ఒక్కటే చాలు. బాల్ పైథాన్‌కు గాలి కూడా 24కు తగ్గకూడదు, ఆ పని మ్యాట్ చేయలేదు. వెలుగు లేకుండా వేడినిచ్చే 60 వాట్ల సిరామిక్ హీటరు బల్బును జాలీ బయట వేలాడదీసి, పింగాణీ హోల్డరులో బిగించండి, ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది. బల్బు చుట్టూ కంచె ఉండాలి, పాము దాన్ని తాకే వీలు ఎక్కడా ఉండకూడదు. దానికి వేరే థర్మోస్టాట్ పెట్టి, ఈసారి సెన్సారును నేలకు నాలుగంగుళాల ఎత్తున గాలిలోనే ఉంచి 26 పెట్టండి. ట్యాంకు మూడు వైపులా బయటి నుంచి థర్మకోల్ షీట్లు ఆనిస్తే సగం పని అదే చేస్తుంది. మార్చి మొదటి వారంలో ఆ షీట్లు తీసేయడం మాత్రం మరవొద్దు.

ప్రమాదం ముదిరిందని చెప్పే గుర్తులు ఇవి: నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, ఒళ్లు తూలడం, వెల్లకిలా పడేస్తే తిరగబడలేకపోవడం, తల వెనక్కి విరిచి పైకి చూస్తూ ఉండిపోవడం. వేడి వల్ల ఇలా అయితే 25, 26 డిగ్రీల గదిలోకి మార్చి, వీపు మునగని లోతులో మామూలు నీళ్లలో ఉంచుతూ, తల పట్టుకుని, వెంటనే వైద్యుడికి కబురు చేయండి. పాములను చూసే పశువైద్యులు ప్రతి ఊళ్లోనూ ఉండరు. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. అక్కడ పాములను చూస్తారో లేదో అవసరం రాకముందే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకోండి.

ఇంకో మాట. 2022 సవరణ తర్వాత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో విదేశీ జీవుల జాబితా చేరింది, బాల్ పైథాన్ అందులో ఉంది. 2024 నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేయించి ఉండకపోతే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి ఆ పని పూర్తి చేయండి. మన కొండచిలువ, జెర్రిపోతు, రెండు తలల పాము అని పిలిచేది, ఇలాంటి మన దేశపు పాములను ఇంట్లో పెంచడం నేరం.

ఇక తిండి. బాల్ పైథాన్ మూడు వారాలు తినకపోవడం దానంతటది ప్రమాదం కాదు. వంటింటి త్రాసులో వారానికోసారి తూచండి, పదో వంతు బరువు తగ్గితే చూపించండి. కార్న్ స్నేక్ కక్కింది కాబట్టి కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు ఏమీ పెట్టొద్దు, చేతిలోకి తీసుకోవద్దు, మంచినీళ్లు మాత్రం రోజూ మార్చండి. కక్కినప్పుడు గొంతు, కడుపు దెబ్బతింటాయి, జాలిపడి వెంటనే పెడితే మళ్లీ కక్కుతుంది. ఆ గడువు అయ్యాక మామూలుగా పెట్టే ఎలుకలో సగం పరిమాణం ఉన్నది పెట్టి, రెండు రోజులు కదిలించకండి. ఈ లోగా వరసగా మూడు రోజులు చల్లని వైపు మీటరులో అత్యధికం 28 దాటకుండా నిలబడాలి. నిలబడకపోతే తిండి ఇంకా వాయిదా వేసి, ట్యాంకును ఇంకో గదికి మార్చండి.